ఎనిమిదో తరగతికి బడి మార్చాలా?

ప్రశ్న: మాది బోరబండ. మా పాప ప్రభుత్వ బడిలో ఏడో తరగతి, చదువులో ముందే ఉంటుంది. ఇంగ్లిషు రాదేమోనని మావారికి ఒకటే టెన్షన్, వచ్చే ఏడాది ప్రైవేటులో వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తొందరపడకండమ్మా. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది, అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, కానీ మధ్యలో ప్రైవేటుకు మారితే ఆగిపోతాయి. బాగా చదివే పిల్లను సరిగ్గా ఇప్పుడే మార్చి ఆ అవకాశం పోగొట్టడం నాకైతే బాధగా ఉంటుంది.

ఇంగ్లిషు సంగతికొస్తే, తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచే ఇంగ్లిషు మీడియం మొదలైంది. మాట్లాడటం అంటారా, అది ఇంట్లో రోజూ ఓ పావుగంట గట్టిగా చదివించినా మెరుగవుతుంది, దానికోసం బడే మార్చక్కర్లేదు.

అయితే మీ బడిలో లెక్కలకో సైన్సుకో టీచరు లేక నెలల తరబడి క్లాసులు జరగకపోతుంటే మాత్రం మార్చడమే మంచిది. అప్పుడు కూడా స్టేట్ సిలబస్ ఉన్న బడే చూడండి, పదో తరగతి పరీక్ష అదే బోర్డుది కాబట్టి పాపకు ఇబ్బంది ఉండదు. ఫీజుతో పాటు బస్సు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు మూడేళ్లకు కలిపి లెక్కేసుకోండి. ముందు ఒకసారి హెడ్‌మాస్టరును కలవండి, పాపను కూడా అడగండి.