పాస్టర్‌గా పనిచేస్తూ అమెరికన్ క్రైస్తవ రచయిత యూజీన్ పీటర్సన్ అన్ని పుస్తకాలు ఎలా రాయగలిగారు?

ఆయన సంఘ (చర్చి) పెద్దలు రాయనిచ్చారు కాబట్టి. పాస్టర్ గారింట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నా మాట నమ్మండి.

పీటర్సన్ 1962లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, బెల్ ఎయిర్‌లో ఒక ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) సంఘం మొదలుపెట్టారు. తొలి రోజుల్లో ఆరాధన వాళ్ళింటి బేస్‌మెంట్‌లోనే. అక్కడే 29 ఏళ్ళు ఉన్నారు. ఆయన ఆత్మకథలో ఒక సాయంత్రం సంగతి ఉంది. పెద్దల మీటింగ్‌కి బయల్దేరుతుంటే చిన్నారి కూతురు కథ చదవమని అడిగింది. కుదరదన్నారు. వరసగా ఎన్ని రాత్రుల నుంచి చదవట్లేదో ఆ పిల్ల లెక్క చెప్పింది. ఆయన నేరుగా మీటింగ్‌కి వెళ్ళి, ఇక నేను పాస్టర్ పని మానేస్తానన్నారు. మరేం చేయాలనుందని పెద్దలు అడిగారు. ప్రార్థన చేసుకోవాలి, చదువుకోవాలి, మీతో తీరిగ్గా కూర్చోవాలి అన్నారు. అయితే సంఘం నడిపే పనులు మాకు వదిలేయండి అన్నారు వాళ్ళు. నన్నడిగితే ఆయన పుస్తకాలన్నీ ఆ రాత్రే మొదలయ్యాయి.

మా నాన్నగారికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. శనివారం రాత్రి ఆయన ఆదివారం ప్రసంగానికి సిద్ధపడుతుంటే ఎవరో ఒకరు వచ్చి, తెరిచి ఉన్న బైబిల్ పక్కనే షామియానా రసీదులు, కరెంటు బిల్లులు పరిచేవారు. నాన్నగారి నోట్‌బుక్స్ ఇప్పుడు నా దగ్గరున్నాయి. ప్రసంగం సగం పేజీలో ఆగిపోతుంది, కిందంతా కూడికలు. ఆయనకు కీర్తనల మీద ఒక పుస్తకం రాయాలని ఉండేది.

ఇప్పుడైతే ఇంకా ఘోరం. పాస్టర్ గారి ఫోటోతో ఫ్లెక్సీ, యూట్యూబ్ లైవ్, మైక్ సెట్ అన్నీ ఆయనే చూసుకోవాలి. జబ్బు చేసినవాళ్ళ మంచం దగ్గర కూర్చునే తీరిక ఎక్కడిది?

పీటర్సన్‌కు పేరు తెచ్చిన 'ద మెసేజ్', అంటే వాడుక ఇంగ్లీషులో ఆయన రాసిన బైబిల్ కూడా తీరిగ్గా కూర్చోవడంలోంచి వచ్చిందే. సంఘంలో పెద్దవాళ్ళకు బైబిల్లోని గలతీ పత్రిక (పౌలు రాసిన ఉత్తరం) బోధిస్తూ, వాళ్ళు రోజూ మాట్లాడే ఇంగ్లీషులో దాన్ని చెప్పాలని మొదలుపెట్టారు. కొత్త నిబంధన 1993లో, మొత్తం బైబిల్ 2002లో వచ్చాయి.

మీరు సంఘ కమిటీలో ఉంటే ఈ శనివారం రసీదులు మీ ఇంట్లోనే లెక్క చూసుకోండి. పాస్టర్ గారి తలుపు కొట్టకండి.