పరగడుపున వేసుకుంటే ఫాస్ఫరస్ మాత్ర దండగ

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లెటూరు డాక్టర్ గారూ. నాన్నకి 58 ఏళ్ళు, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఫాస్ఫరస్ ఎప్పుడు చూసినా 7 పైనే, మొన్న 7.4 వచ్చింది. రాత్రయితే ఒళ్ళంతా దురద, వీపంతా గోక్కుని పుళ్ళు పడ్డాయి. సెవెలమర్ 800 రోజుకి మూడు రాశారు, మళ్ళీ గుర్తుండదని పొద్దున్నే గ్యాస్ బిళ్ళతో పాటు మూడూ ఒకేసారి వేసేసుకుంటారు. పాలు, గుడ్లు, పప్పు అన్నీ మానిపించాం. ఇంకేం చెయ్యాలి?

జవాబు: అమ్మా, అసలు తేడా ఆ పొద్దున్న మాత్రల దగ్గరే ఉంది. సెవెలమర్ రక్తంలోకి వెళ్ళి పనిచేసే మందు కాదు, పేగులో అన్నంతో కలిసి అందులోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని విరేచనంలో బయటికి తీసుకుపోతుంది, అంతే. కడుపులో తిండే లేకపోతే అది పట్టుకునేదేముంది? మూడు పూటలా కంచం ముందు కూర్చున్నాక, తినే మధ్యలో ఒక్కోటి వెయ్యండి, ఆ పూట ఏమీ తినకపోతే మాత్ర కూడా వద్దు. మధ్యాహ్నం ఎక్కువ తినే మనిషైతే ఆ పూటకి రెండు వెయ్యొచ్చా అని మీ నెఫ్రాలజిస్ట్‌ని (కిడ్నీ డాక్టర్‌ని) అడగండి. ఇంకోమాట, సెవెలమర్ నమలకూడదు, మింగాలి. ఫాస్ఫరస్‌కే వాడే ఇంకో మందు లాంథనమ్ అయితే బాగా నమలాలి, చాలామంది ఈ రెండూ తిరగేసి వాడతారు!

డయాలసిస్ చేయిస్తున్నాం కదా పోతుందిలే అనుకోవద్దు. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయేది ఇంచుమించు 800 నుంచి 1000 మి.గ్రా. మామూలు తిండితో రోజుకే దాదాపు అంత వస్తుంది, అందులో సగానికి పైగా ఒంటికి పడుతుంది, వారానికి రెండే సార్లంటే లెక్క మీరే వేసుకోండి. వారానికి మూడుసార్లు వీలవుతుందేమో సెంటర్‌లో అడిగి చూడండి, కనీసం ఉన్న రెండూ అరగంట ముందే లేచి వచ్చెయ్యకుండా చూడండి.

ఇక తిండి. గుడ్డు మొత్తం మానిపించడం నాకు నచ్చలేదు, డయాలసిస్ మనిషికి ప్రొటీన్ బాగా కావాలి. పచ్చసొన తీసెయ్యండి, తెల్లసొన పెట్టండి, ఒక తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ 5 మి.గ్రా. దగ్గరే. పప్పులో ఫాస్ఫరస్ ఉన్నా చాలావరకు ఒంటికి పట్టదు, కాబట్టి పూర్తిగా మానక్కర్లేదు, ఎంత పెట్టాలో డైటీషియన్ చెప్తారు. నాకు అనుమానం వేరే వాటి మీద. మీ వైపు ఇంట్లో జీడిపప్పు ఎప్పుడూ ఉంటుంది కదా, 100 గ్రాముల్లో 450 మి.గ్రా. పైనే ఫాస్ఫరస్, వస్తూ పోతూ నోట్లో వేసుకునేది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎండుచేపలు ముల్లుతో సహా నమిలేస్తే ఇంకా ఎక్కువ, పైగా ఉప్పు, ఉప్పుతో దాహం, దాహంతో నీళ్ళు, మళ్ళీ డయాలసిస్ రోజున బరువు. నల్ల కూల్‌డ్రింక్ అసలొద్దు. ప్యాకెట్ మీద ఐ.ఎన్.ఎస్. (తిండిలో కలిపే పదార్థాల కోడ్ నంబర్లు) 338, 339, 340, 341, 450, 451, 452 అని ఉంటే అది కలిపిన ఫాస్ఫేట్, దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది, పప్పులోదానిలా సగం మిగలదు.

సెవెలమర్‌తో మలబద్ధకం వస్తే మాత్రం మందుల షాపుకెళ్ళి ఎనిమా బాటిల్ తెచ్చుకోకండి, చాలావాటిలో ఉండేది సోడియం ఫాస్ఫేటే, కిడ్నీ మనిషికి ప్రమాదం. దురద ఒక్క ఫాస్ఫరస్ వల్లే కాకపోవచ్చు, దానికి వేరే మందులున్నాయి, చూపించండి, ఈలోగా గోళ్ళు కత్తిరించి కొబ్బరినూనె రాయండి. కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) టెస్ట్‌లు చేయించి చాలాకాలమైతే అవీ చేయించండి, ఫాస్ఫరస్ ఇలాగే ఉంటే ఎముక గుల్లవుతుంది, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది.

ప్రశ్న: నాకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే టెస్ట్) 2.1, ఫాస్ఫరస్ 4.1. ముందుజాగ్రత్తగా బైండర్ మాత్ర (సెవెలమర్ లాంటి ఫాస్ఫరస్ మాత్ర) మొదలుపెట్టమంటారా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దండి. 4.1 మామూలే, 2.5 నుంచి 4.5 దాకా ఫర్వాలేదు. పెరుగుతూ పోతేనో, పెరిగి అక్కడే ఉండిపోతేనో మందు మొదలుపెడతారు, ముందస్తుగా కాదు. కిడ్నీ జబ్బులపై అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2017 గైడ్‌లైన్స్ కూడా అదే చెప్తున్నాయి. కూల్‌డ్రింక్‌లు, ప్యాకెట్ నూడుల్స్ ఆపండి, మీ డాక్టర్ చెప్పిన గడువుకి మళ్ళీ టెస్ట్ చేయించండి.