మెడికేర్ బిల్లులపై సమన్లు వచ్చిన వైద్యుడు ఏం చేయాలి?

అమెరికాలో క్లినిక్ నడుపుతున్న మీ అన్నగారికి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) బిల్లుల విషయమై సమన్లు అందాయని, ఏం చేయాలని అడిగారు. ఆరోగ్య సేవల మోసానికి వర్తించే ఫెడరల్ చట్టం 1347వ సెక్షన్ కింద సాధారణంగా పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే తెలిసి, కావాలని మోసగించినట్లు ప్రభుత్వమే సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి కాబట్టి, కోడింగులో, అంటే చేసిన సేవకు బిల్లులో కోడ్ వేయడంలో, నిజంగా దొర్లిన పొరపాటు ఆ నేరం కిందికి రాదు. చాలా కేసుల్లో వాదనంతా ఈ ఉద్దేశం చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు, పన్నెండు నిమిషాలే చూసిన రోగికి 99215 కోడ్ (ఇదివరకే వస్తున్న రోగిని క్లినిక్‌లో చూసినందుకు వేసే అత్యున్నత స్థాయి బిల్లింగ్ కోడ్) వేశారనుకుందాం. సమయాన్ని బట్టి వేస్తే దానికి కనీసం 40 నిమిషాలు కావాలి. కానీ తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదో దాన్ని బట్టి కూడా ఆ కోడ్ వేయవచ్చు గనుక, ఆ రోజు రాసిన కేస్ షీటే ఆయనకు ప్రధాన ఆధారం. దయచేసి దాన్ని ఇప్పుడు దిద్దవద్దని, ఏదీ తొలగించవద్దని గట్టిగా చెప్పండి. దర్యాప్తును అడ్డుకోవడానికి రికార్డులు మార్చడం 1519వ సెక్షన్ కింద 20 ఏళ్ల వరకు శిక్ష పడే వేరే నేరం. అధికారులు ఇంటికి వచ్చి అడిగినా న్యాయవాది లేకుండా జవాబు చెప్పనక్కరలేదు. బిల్లింగ్ సిబ్బందితోనూ ఈ సంగతి మాట్లాడకూడదు, రేపు వాళ్లే సాక్షులు కావచ్చు.