గన్ ఆఖరున కొనుక్కో

చిరంజీవి కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు.

సిడ్నీ సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగి, ఈటెతో చేపలు కొట్టడానికి నువ్వు కొనాలనుకుని పంపిన సామాన్ల జాబితా చూశాను. అన్నిటికంటే పైన 120 సెంటీమీటర్ల స్పియర్‌గన్, అంటే నీళ్ళలో ఈటెని విసిరే గన్, దాని కింద కార్బన్ ఫిన్స్, అంటే పాదాలకి తొడిగే ఈత రెక్కలు, ఆ తర్వాత ఖరీదైన వాచీ. అట్టడుగున "మాస్క్, ఏదో ఒకటి" అని రాశావు. ఆ కాగితాన్ని తలకిందులు చెయ్యి, చాలావరకు సరిపోతుంది.

డబ్బులు దాచుకోమని చెప్పడం లేదు. ఒంటికి ఆనేవి ముందు కొను, చేత్తో పట్టుకునేవి తర్వాత కొను అంటున్నాను. ముఖానికి మాస్క్, ఒంటికి చలి ఆపే రబ్బరు సూటు, నడుముకి సీసం దిమ్మల బెల్టు, పాదానికి ఫిన్. ఈ నాలుగూ సరిగ్గా అమరితే అరువు తెచ్చుకున్న గన్‌తో కూడా చేప పడుతుంది. అమరకపోతే ఎంత మంచి గన్ చేతిలో ఉన్నా, నీళ్ళు తుడుచుకుంటూ వణుక్కుంటూ గంటలో ఒడ్డుకొచ్చేస్తావు.

మాస్క్ ఆన్‌లైన్‌లో కొనకు. షాపుకి వెళ్ళి, తలకి పెట్టుకునే పట్టీ ముందుకి తిప్పేసి, మాస్క్‌ని ఊరికే ముఖానికి ఆనించి ముక్కుతో కాస్త గాలి పీల్చు. చెయ్యి వదిలేసినా అది ఊడిపడకూడదు. పక్కనుంచి గాలి దూరితే అది ఎంత పేరున్న కంపెనీదైనా నీది కాదు. నీ మీసం సంగతి ఒకటుంది. వెంట్రుకల సందుల్లోంచే నీళ్ళు కారతాయి. మొత్తం తీసెయ్యమనను, ముక్కు కింద సన్నగా ఒక గీత గొరిగించుకుంటే చాలు. నీ కళ్ళజోడు పవరుకి తగ్గ అద్దాలు బిగించుకునే మోడల్స్ దొరుకుతాయి, అవే అడుగు. రాళ్ళ సందున చేప కనబడకపోతే మిగతా ఖర్చంతా దండగే.

లోపల చోటు తక్కువున్న మాస్కే కావాలని పట్టుబట్టు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపవుతుంది, మాస్క్‌లో గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఆ లోటు ముక్కులోంచి నువ్వే పూడ్చాలి. లేదంటే మాస్క్ ముఖాన్ని పీల్చేసి కళ్ళల్లో నెత్తురు జీరలు కడుతుంది. పూడ్చే గాలి పైనుంచి పట్టుకెళ్ళిన ఆ ఒక్క ఊపిరిలోంచే పోవాలి కదా, అందుకే లోపల చోటు ఎంత తక్కువైతే అంత నయం. ఈత కొలనులో పెట్టుకునే గాగుల్స్‌తో లోతుకి వెళ్ళకూడదనేదీ అందుకే. వాటిలో ముక్కు బయట ఉంటుంది, గాలి ఊదే దారే లేదు.

కొత్త మాస్క్ అద్దానికి లోపలివైపు తయారీలో అంటుకున్న పలచటి పొర ఉంటుంది. అది పోయేదాకా ఆవిరి పడుతూనే ఉంటుంది. తెల్లటి టూత్‌పేస్టు రాసి వేలితో బాగా రుద్ది కడుగు, రెండు మూడుసార్లు చెయ్యి. అద్దానికి ముందే ఆవిరి పట్టని పూత వేసుంటే మాత్రం రుద్దకు. లైటర్ మంటతో కాల్చేవాళ్ళూ ఉన్నారు. నాకది నచ్చదు, ఫ్రేముకి చేటు. ఆ తర్వాత ప్రతిసారీ దిగే ముందు ఉమ్మి రాసి ఒకసారి తొలిస్తే చాలు. అసహ్యం అనుకోకు, ఇక్కడ అందరూ చేసేదే.

స్నార్కెల్, అంటే నీళ్ళపైన ఈదుతూ ఊపిరి పీల్చే గొట్టం, దాని మాటకి ఎక్కువసేపు అక్కర్లేదు. వాల్వులూ గీల్వులూ లేని మామూలు వంపు గొట్టం తీసుకో. మునిగేటప్పుడు దాన్ని నోట్లోంచి తీసెయ్యడం మొదటిరోజునుంచే అలవాటు చేసుకో. కింద స్పృహ తప్పితే నోట్లో ఉన్న గొట్టం నీళ్ళకి దారి అవుతుంది.

సూటు దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. సిడ్నీ నీళ్ళు ఫిబ్రవరి, మార్చిలో ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీల దాకా ఉంటాయి. ఇక్కడి చలికాలం చివర, ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి పదిహేడుకి దిగిపోతాయి. మన విశాఖ సముద్రం సంక్రాంతికి కూడా ఇంత చల్లబడదు, కాబట్టి చిన్నప్పుడు రుషికొండలో ఈదిన ధైర్యం ఇక్కడికి పట్టుకురాకు. చలి పుడితే ఒళ్ళు ఆక్సిజన్ ఎక్కువ తింటుంది, ఊపిరి నిలవదు. వేసవికి మూడు మిల్లీమీటర్లది, చలికాలానికి ఐదు. ఒక్కటే కొనగలిగితే ఐదుదే కొను. టోపీతో కలిసిన చొక్కా, పొట్టపైదాకా వచ్చే పంట్లాం, ఇలా రెండు ముక్కలది తీసుకో. సర్ఫింగ్ వాళ్ళ జిప్పు సూటు దీనికి కుదరదు, వీపునుంచి నీళ్ళు దూరుతూనే ఉంటాయి.

సూటు కుట్టే మెత్తటి రబ్బరుని నియోప్రీన్ అంటారు. లోపలివైపు గుడ్డ లేకుండా అది నేరుగా చర్మానికి అంటుకునేదాన్ని ఓపెన్ సెల్ అంటారు. అదే వెచ్చన. కానీ మహా సున్నితం. పొడిగా వేసుకోబోతే చిరుగుతుంది. సీసాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి కాస్త బేబీ షాంపూ కలిపి, సూటు లోపల పోసి తిప్పి వేసుకో. గోళ్ళతో లాగకు, వేళ్ళ మెత్తటి భాగంతో పట్టుకుని జరుపుకో. దిగే ముందురోజు గోళ్ళు తీసుకోవడం కూడా ఈ పనిలో భాగమే అనుకో. చిరిగినా కంగారు పడకు, నియోప్రీన్ జిగురు దొరుకుతుంది. రెండు అంచులకీ పలచగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, మళ్ళీ ఓ పూత వేసి, అంటీ అంటనట్టు ఆరాక గట్టిగా నొక్కు. తడిగా ఉండగానే అతికిస్తే నిలవదు.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. బెల్టు రబ్బరుదే కావాలి. లోతుకి వెళ్ళినకొద్దీ పొట్టా సూటూ రెండూ నొక్కుకుపోతాయి. నైలాన్ బెల్టయితే వదులై ఛాతీమీదికి జారుతుంది, రబ్బరైతే తనూ ముడుచుకుని నడుముని పట్టుకునే ఉంటుంది. బక్కిల్ ఒంటిచేత్తో, కళ్ళు మూసుకుని, ఏ చేత్తోనైనా ఊడిపోవాలి. దానిమీద ఇంకే తాడూ పట్టీ అడ్డం రాకూడదు. ఇంట్లో నుంచుని ఊడదీసి చూసుకో. సీసం దిమ్మ కాలిమీద పడకుండా కింద దుప్పటి వేసుకో.

సూటు నిన్ను తేలుస్తుంది కాబట్టి మునగడానికి బెల్టుకి సీసం కడతాం. అది ఎంత కట్టాలన్నది షాపువాడు చెప్పలేడు, నీళ్ళే చెప్పాలి. సూటు వేసుకుని నీళ్ళలో నిటారుగా నిలబడి, మామూలుగా ఊపిరి వదిలెయ్యి. అప్పటికీ నువ్వు తేలుతూనే ఉండాలి. దాదాపు పది మీటర్ల దగ్గరికి వెళ్ళాక తేలకుండా, మునగకుండా ఉండాలి. సీసం ఎక్కువైతే దిగడం హాయిగానే ఉంటుంది, కొత్తవాళ్ళకి ఆ హాయే రుచిస్తుంది. అయితే ఊపిరి బిగబట్టేవాళ్ళు స్పృహ తప్పేది ఎక్కువగా అడుగున కాదు, పైకి వచ్చేటప్పుడు. ఆఖరి కొద్ది మీటర్లలోనో, తల బయటపెట్టిన కొన్ని క్షణాలకో. కింద ఒత్తిడి ఉన్నంతసేపూ మిగిలిన కాస్త ఆక్సిజన్ నెత్తురులోకి ఎక్కుతూ ఉంటుంది. పైకి వస్తుంటే ఆ ఒత్తిడి గబగబా పడిపోయి మెదడుకి చాలకుండా పోతుంది. ముందుగా ఏ గుర్తూ కనబడదు. అప్పుడు సీసం తక్కువున్నవాడు పైకి తేలతాడు, ఎక్కువున్నవాడు మునుగుతాడు. దిగే ముందు గబగబా రొప్పితే ఇంకా ప్రమాదం. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఊపిరి కావాలని తొందరపెట్టే కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. గంట కొట్టేవాణ్ణి ఇంటికి పంపేసి పరీక్ష రాసినట్టు.

అందుకే వాచీకి అనుకున్న డబ్బుని ఫ్రీడైవింగ్ కోర్సుకి, అంటే ఊపిరి బిగబట్టి మునగడం నేర్పే కోర్సుకి మార్చు. పక్కవాడు మునిగితే ఎలా లాక్కురావాలో అక్కడ చేయించి చూపిస్తారు. ఒకడు కిందుంటే రెండోవాడు పైనుండి చూస్తూ ఉండాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. కింద ఎంతసేపున్నావో కనీసం దానికి రెట్టింపు సేపు పైన ఉండాలి. ఇది లెక్కపెట్టుకోవడానికి మామూలు వాటర్‌ప్రూఫ్ వాచీ ఏడాదిపాటు చాలు. కలిసి దిగేవాళ్ళు కావాలంటే న్యూ సౌత్ వేల్స్ స్పియర్‌ఫిషింగ్ క్లబ్బుల సంఘం ఒకటుంది, 1948 నాటిది. వాళ్ళ క్లబ్బుల్లో ఏదో ఒకదాంట్లో చేరు.

ఫిన్స్ పొడుగ్గా, మెత్తగా ఉండే ప్లాస్టిక్ బ్లేడువి తీసుకో. కార్బన్ తేలికే, కాదనను. కానీ ఇక్కడ మనం దిగేది రాళ్ళమీదినుంచి, ఒక్క అల తోసి రాయికి కొడితే అంచు చెదురుతుంది. ఫిన్‌లో పాదం పెట్టే చోటులోకి పాదం నియోప్రీన్ మేజోడుతో సహా దూరాలి కాబట్టి మేజోడు వేసుకునే సైజు చూసుకో. ఇంట్లో వాటిని మొనమీద గోడకి ఆనించకు, బ్లేడు అలాగే వంగిపోతుంది. ఎండలో కారు డిక్కీలో వదిలినా అంతే.

ఫ్లోటు, అంటే నీళ్ళమీద తేలే బుడ్డ, దానికో జెండా, ఇరవై ముప్పై మీటర్ల తాడు తప్పకుండా కావాలి. పడవలవాళ్ళకి నువ్వు కనబడేది దానివల్లే. కొట్టిన చేపని నడుముకి వేలాడదియ్యకు, ఫ్లోటుకి తగిలించు. షార్కుకి నెత్తురు వాసన తగిలితే ఆ వాసన ఉన్నచోట నువ్వుండక్కర్లేదు. చిన్న కత్తి ఏ చేతికైనా అందేచోట ఉండాలి, అది చేప కొయ్యడానికంటే ముందు నీకు చుట్టుకున్న తాళ్ళు కొయ్యడానికి. గాలాలవాళ్ళ పాత తంగూసు రాళ్ళమీద ఎంత చిక్కుకుని ఉంటుందో కిందికి వెళ్ళాక చూస్తావు.

ఇక నీ గన్. 120 ఎందుకు వద్దంటే, ఒడ్డుదగ్గర నీళ్ళు మసగ్గా ఉన్నరోజు అంత పొడుగుది రాళ్ళ మధ్య తిప్పలేవు. ఈటెని విసిరే రబ్బరుని వెనక్కి లాగడం కూడా కొత్తవాడి ఛాతీకి కష్టం. ఎనభై తొంభై సెంటీమీటర్లు చాలు. గాలి నింపే గన్ వద్దు, రబ్బరుదే తీసుకో. చెడితే ఎక్కడ చెడిందో కంటికి కనబడుతుంది, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. నీళ్ళలోకి దిగాకే లోడ్ చెయ్యి, పైకి ఎక్కే ముందే దించెయ్యి. సేఫ్టీ బటన్ ఉంది కదా అని నమ్మకు. మొన ఎప్పుడూ మనిషివైపు ఉండకూడదు, ఖాళీ గన్‌దైనా సరే.

గన్‌లో ముందు పాడయ్యేది రబ్బరు. ఎండ, ఉప్పు, నూనె మూడూ దానికి శత్రువులే. వేటకి వెళ్ళేముందు రోజు ప్రతి రబ్బర్నీ కొద్దిగా సాగదీసి వెలుతుర్లో చూడు, ముఖ్యంగా ముడి వేసిన చోట. సన్నటి చీలికలు కనిపిస్తే ఇంకొక్కసారి పనిచేస్తుందిలే అనుకోకుండా మార్చెయ్యి. లాగుతుండగా తెగితే కొట్టేది నీ ముఖాన్నే. మెరుపుకోసం మిషను నూనె రాయొద్దు, రబ్బరు ఉబ్బి చస్తుంది. ఈటెని బల్లమీద దొర్లించి చూడు, ఎగిరితే వంగినట్టే. చేప జారకుండా పట్టే మొన దగ్గరి రెక్క దానంతటది తేలిగ్గా విచ్చుకోవాలి. మొన మొద్దుబారితే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దు. ఈటెకి కట్టిన తంగూసుని గోళ్ళ మధ్యనుంచి పోనియ్యి, గరుకు తగిలిందంటే కొత్తది వెయ్యి. ట్రిగ్గరు మరచుట్లు మాత్రం విప్పకు. రబ్బరు వెయ్యకుండా ఈటె దూర్చి, వెనక్కి గట్టిగా లాగి చూడు. జారితే షాపుకి పట్టుకెళ్ళు.

ఇంటికి రాగానే చెయ్యాల్సింది ఒకటే, మంచినీళ్ళు. పైనుంచి పైపుతో కొడితే ఉప్పు పోదు. టబ్బులో నానబెట్టు, బక్కిల్, ట్రిగ్గరు, కత్తి ఒర అన్నీ నీళ్ళలోపలే కదుపు. మంగమారిపేటలో మీ తాతయ్య వల దులిపి ఆరేశాకే అన్నానికి కూర్చునేవాడు, ఎంత రాత్రయినా. సూటుని ముందు తిరగేసి నీడలో ఆరబెట్టి, తర్వాత మామూలుగా తిప్పి మళ్ళీ ఆరబెట్టు. హ్యాంగరు వెడల్పుగా ఉండాలి, లేదంటే భుజాల దగ్గర మడత పడిపోతుంది. దాంట్లో మూత్రం పోశావని నాకు చెప్పక్కర్లేదు, అందరూ పోస్తారు, అందుకనే సబ్బుతో ఉతుకు. ఈటె తుడిచి ఆరాక పలచగా నూనె పూత పెట్టొచ్చు, అది రబ్బరుకి తగలకుండా చూసుకో. మాస్క్‌ని నల్లటి రబ్బరు వస్తువుల పక్కన పెట్టకు, తెల్ల సిలికాన్ పసుపెక్కుతుంది.

గన్ పట్టుకునేముందు చేపల రుసుం కట్టి ఆ రశీదు ఫోనులో పెట్టుకో. న్యూ సౌత్ వేల్స్‌లో గాలి సిలిండర్ తగిలించుకుని చేపని పొడవకూడదు, ఊపిరి బిగబట్టే చెయ్యాలి. మ్యాన్లీ దగ్గర క్యాబేజ్ ట్రీ బేలో దేన్నీ ముట్టుకోకూడదు. బ్లూ గ్రోపర్ అనే పెద్ద నీలం చేప భయంలేకుండా నీ దగ్గరికే వస్తుంది, దాన్ని అస్సలు కొట్టకు. 2023 డిసెంబరులో క్రొనుల్లా దగ్గర జనానికి అలవాటైపోయిన ఒకదాన్ని పొడిచినవాడికి 500 డాలర్ల జరిమానా పడింది, ఆ తర్వాత నిబంధనలు ఇంకా బిగించారు. ఆడ గ్రోపర్ గోధుమరంగులో ఉంటుంది, అదీ గుర్తుపెట్టుకో. కింగ్‌ఫిష్ 65 సెంటీమీటర్లకి తగ్గితే వదిలెయ్యాలి, అయితే పొడిచాక వదలడం ఉండదు కాబట్టి కొలత కంటితోనే వెయ్యాలి. దానికోసమే మొదటి నెలలు గన్ లేకుండా దిగు. గోర్డన్స్ బేలో నీళ్ళ అడుగున గొలుసు వేసి దారి చూపించారు, దాన్నే పట్టుకుని తిరిగితే అన్ని చేపలూ కనబడతాయి.

పాత సామాన్లు కొనాలనుకుంటే ఫిన్స్, సీసం, ఫ్లోటు పాతవైనా ఫరవాలేదు. సూటు వద్దు, ఇంకొకరి ఒంటికి సాగిపోయి ఉంటుంది. గన్ పాతది దొరికితే రబ్బర్లు, తంగూసు, ఈటె మార్చడానికయ్యే ఖర్చు కలుపుకుని బేరం చెయ్యి.

120 గన్ ఆర్డరు ఇంకా బయల్దేరకపోతే రద్దు చేసేసి, శనివారం పొద్దున్నే మా ఇంటికి రా, షాపుకి కలిసే వెళదాం. టిఫిను మీ అత్త చేస్తానంది. మీ అమ్మకి మాత్రం ఈ సంగతి నువ్వే చెప్పుకో, నా నోటినుంచి వింటే ముందు నన్ను తిడుతుంది.

మీ మావయ్య