కిట్ కారుకు అప్పు తీసుకునే ముందు గంటలను నెలల్లోకి మార్చి చూడండి

ప్రశ్న: నేను ఉద్యోగస్తుడిని. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే ఒక చిన్న స్పోర్ట్స్ కారును బిగించుకోవాలని చాలాకాలంగా కోరిక. నేను ఎంచుకున్న కిట్‌ను 100 గంటల్లో పూర్తి చేయవచ్చని తయారీ సంస్థ చెబుతోంది. వారానికి ఆరు గంటలు కేటాయించగలను కాబట్టి నాలుగు నెలల్లో కారు రోడ్డెక్కుతుందని లెక్క వేశాను. ఖర్చులో సగం నా పొదుపు నుంచి పెట్టి, మిగిలిన సగానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని, ఇప్పుడున్న కారును ముందే అమ్మేద్దామనుకుంటున్నాను. ఇది సరైన ప్రణాళికేనా?

జవాబు: మీ భాగహారంలో తప్పు లేదు. 100 గంటలను ఆరుతో భాగిస్తే దాదాపు 17 వారాలే వస్తాయి. చూసుకోవలసింది ఆ 100 గంటల్లో ఏ పనులు ఉన్నాయి, ఏవి లేవు అన్నది. మీ అప్పు, మీ పొదుపు, పాత కారు అమ్మకం మూడూ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి కనుక ముందు దాని సంగతి తేల్చుకుందాం.

కిట్ కారు అన్న పేరు కింద చాలా తేడా ఉన్న పనులు కలిసిపోయి ఉంటాయి. బ్రిటన్‌కు చెందిన కేటర్‌హామ్ సెవెన్ వంటి కార్లలో ఛాసిస్‌కు (కారు చట్రానికి) ప్యానెళ్లు బిగించే ఉంటాయి, ఇంజిన్ నుంచి నట్టుబోల్టుల దాకా అన్నీ కొత్తవే వస్తాయి. అటువంటి కిట్లకు 80 నుంచి 100 గంటలు అని చెప్పడం మామూలే. అమెరికాలో 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ సంస్థ చేసే రోడ్‌స్టర్ లాంటి పెద్ద కిట్లకు 250 గంటల ప్రాంతంలో చెబుతారు. పాత కారొకటి కొని, దాన్ని విప్పి, ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ భాగాలను శుభ్రం చేసి కొత్త ఛాసిస్‌కు ఎక్కించే పద్ధతిలో అయితే పని సులువుగా 500 గంటలు దాటుతుంది. ఛాసిస్‌ను కూడా మీరే వెల్డింగ్ చేసుకుంటే 1000 గంటలను కనీసంగా అనుకోవడం మంచిది. మీరు ఎంచుకున్నది మొదటి రకమే అని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

అయినా సంస్థ చెప్పే గంటలు స్పానర్ చేతిలో ఉన్న గంటలు. పెట్టెలు విప్పి, జాబితాతో సరిచూసి, ఏ భాగం రాలేదో గుర్తించడానికి పట్టే సమయం అందులో ఉండదు. సూచనల పుస్తకంలో ఒక పేజీని మూడుసార్లు చదివే సమయం, ఒకసారి బిగించిన దాన్ని విప్పి మళ్లీ బిగించే సమయం, పని ముగిశాక పనిముట్లు సర్దే సమయం కూడా ఉండవు. వైరింగ్ దగ్గర, బ్రేక్ పైపుల దగ్గర కొత్తవారు ఎక్కువగా ఆగిపోతారు. బ్రేకుల్లో గాలి పూర్తిగా పోలేదనిపిస్తే ఒక సాయంత్రమంతా దానికే సరిపోతుంది. పెయింటు, వీల్ అలైన్‌మెంట్, రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగే తనిఖీ సాధారణంగా ఆ లెక్కకు బయటివే. కాబట్టి మొదటిసారి చేస్తున్నవారు సంస్థ చెప్పిన అంకెను రెట్టింపు చేసుకోవాలన్నది నా సలహా. మీ విషయంలో అది 200 గంటలు.

ఇక వారానికి ఆరు గంటల సంగతి. జ్వరాలు, ప్రయాణాలు, పెళ్లిళ్లు, ఆఫీసు పని ఉన్న ఏ ఇంట్లోనైనా నాలుగు వారాలకు ఒక వారం చేజారుతుంది. 200 గంటలకు 33 పనివారాలు కావాలి. నాలుగింట మూడు వారాలే దొరుకుతాయనుకుంటే క్యాలెండర్‌లో అది 44 వారాలు, అంటే పది నెలలు. రాని భాగాల కోసం ఎదురుచూపు, పెయింటు, తనిఖీ తేదీ కలుపుకుంటే 12 నుంచి 15 నెలలు అవుతుంది. అదే పాత కారును విప్పి చేసే పద్ధతిలో 600 గంటలు పట్టిందనుకోండి, ఇదే లెక్కన రెండున్నరేళ్లు దాటుతుంది. వారానికి ఆరు గంటలను ఒకే రోజున వరుసగా పెట్టగలిగితే కొంత కలిసివస్తుంది, ఎందుకంటే రోజుకు గంట చొప్పున చేసేవారికి నిన్న ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడానికే పావుగంట పోతుంది.

ఇప్పుడు ఆ 15 నెలలను మీ అప్పు పక్కన పెట్టి చూడండి. పోలిక కోసం 12 శాతం వార్షిక వడ్డీకి 36 నెలల అప్పు అనుకుందాం. ప్రతి 100కు నెలకు సుమారు 3.32 కట్టాలి, మొత్తం 119.6 అవుతుంది, అంటే వడ్డీ 19.6. ఈఎంఐలలో మొదటి నెలల్లోనే వడ్డీ భాగం ఎక్కువ కనుక, 15 కంతులు కట్టేసరికి మొత్తం వడ్డీలో దాదాపు 64 శాతం వెళ్లిపోయి ఉంటుంది, అసలులో మాత్రం 37 శాతమే తీరుతుంది. కారు మొదటిసారి రోడ్డు మీదకు వచ్చే నాటికి దాని మీద మీరు కట్టవలసిన వడ్డీలో అధిక భాగం, అది ఒక్క కిలోమీటరు కూడా తిరగకముందే ఖర్చయిపోతుంది. పైగా రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అవి పెట్టెల్లో ఉన్న విడిభాగాలే కానీ వాహనం కాదు. అందువల్ల రుణదాతలు సాధారణంగా వాటిని హామీగా తీసుకోరు, తక్కువ వడ్డీకి వచ్చే వాహన రుణం కాకుండా ఎక్కువ వడ్డీ ఉండే పర్సనల్ లోనే మిగులుతుంది.

ఇందుకు నేను సూచించే మార్గం అప్పు మానేసి, కొనుగోలును పని వేగానికి జతచేయడం. చాలా సంస్థలు కిట్‌ను దశలవారీగా కూడా అమ్ముతాయి. పొదుపు నుంచి పెట్టాలనుకున్న సగం డబ్బుతో ఛాసిస్, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకుల దశ కొనండి. అప్పుకు కట్టాలనుకున్న ఈఎంఐ మొత్తాన్నే నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆ పని ముగిసే నాటికి తర్వాతి దశకు డబ్బు సమకూరుతుంది. సమకూరకపోతే పని కొద్దిగా ఆగుతుంది కానీ మీ మీద భారం పెరగదు. అన్నీ ఒకేసారి కొంటే వచ్చే తగ్గింపును ఈ పద్ధతిలో కోల్పోతారు, నిజమే. ఆ తగ్గింపు మీరు అప్పుకు కట్టవలసిన మొత్తం వడ్డీ కన్నా ఎక్కువగా ఉందేమో చూడండి.

ఇందులో మరో లాభం చాలామంది గమనించరు. ఇంజిన్‌కు ఇచ్చే వారంటీ తరచుగా కొన్న తేదీ నుంచే మొదలవుతుంది. ముందే కొని ఏడాది మూల పెడితే దాన్ని మొదటిసారి స్టార్ట్ చేసేసరికి వారంటీ ముగిసి ఉండవచ్చు. టైర్లు తిరగకపోయినా వయసు మీద పడుతుంది, వాటి పక్కగోడ మీదే తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. బ్యాటరీ వాడకుండా ఉంచితే చెడిపోతుంది, మూత తీసిన బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వీటిని చివరి దశలోనే కొనాలి. సంస్థకు ఇచ్చే అడ్వాన్సు కూడా వీలైనంత తక్కువగా ఉండాలి, ఎందుకంటే చిన్న సంస్థలు డెలివరీకి నెలలు తీసుకుంటాయి, ఆ మధ్యలో అవి మూతపడితే మీ డబ్బు ఎటుపోతుందో ఒప్పందంలో చదివి తెలుసుకోండి.

సమయంతో పాటు పెరిగే ఖర్చులు విడిగా రాసుకోండి. పని జరిగే చోటుకు అద్దె కడుతుంటే నాలుగు నెలల అద్దె కాదు, 15 నెలల అద్దె లెక్కలోకి రావాలి. బోల్టును నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచ్ వంటివి కొనక తప్పదు. ఇంజిన్‌ను ఎత్తే హాయిస్ట్ అవసరం ఒకటి రెండు రోజులే కనుక అద్దెకు తెచ్చుకోవచ్చు. బిగిస్తున్న కాలంలో అగ్నిప్రమాదం, దొంగతనం నుంచి విడిభాగాలకు రక్షణ ఇచ్చే బీమా దొరుకుతుందేమో అడగండి, ఇంటి బీమాలో అవి చేరాయని అనుకోవద్దు. ఇవన్నీ పోగా మొత్తం మీద 15 శాతం అదనంగా పక్కన ఉంచుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడే అత్యవసర నిధిని మాత్రం ఈ పనికి ముట్టుకోకండి.

కిట్ కార్లకు ఒకప్పుడు ఆదరణ పెరగడానికి ఒక పన్ను లెక్క కూడా కారణం. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొంటే పూర్తయిన కారు మీద ఉండే కొనుగోలు పన్ను పడేది కాదు. 1973లో ఆ పన్ను స్థానంలో వ్యాట్ రావడంతో ఆ లాభం పోయింది. అందువల్ల ‘కిట్ కనుక చవక’ అన్న పాత మాటను నేటి లెక్కలోకి తీసుకోవద్దు. మీరు వెచ్చించే 200 గంటలకు మార్కెట్లో ధర రాదు, కొనేవారు కారునే చూస్తారు. మధ్యలో ఆగిపోయిన కిట్ అయితే విడిభాగాలకు పెట్టిన ధర కూడా తిరిగి రావడం కష్టం. ఈ డబ్బును పెట్టుబడుల వరుసలో కాక, మీ సరదా ఖర్చుల వరుసలో రాసుకోండి. అక్కడ రాసినా అది భరించగలిగినంతే అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అడ్వాన్సు కట్టే ముందే చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో బిగించిన కారును మీ ప్రాంతంలో రిజిస్టర్ చేస్తారా, చేస్తే ఏ తనిఖీ, ఏ కాగితాలు కావాలో రవాణా అధికారుల నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. కొన్నిచోట్ల ఇందుకు ప్రత్యేక పరీక్ష ఉంది, కొన్నిచోట్ల దారే లేదు. దారి లేకపోతే ఈ లెక్కలన్నీ అనవసరం. దారి ఉంటే మొదటి బోల్టు నుంచి ప్రతి బిల్లునూ ఫైలులో పెట్టండి, ఇంజిన్ ఎక్కడిదో నిరూపించే కాగితం లేక తనిఖీలో వెనక్కి వచ్చిన కారుకు మళ్లీ తేదీ దొరకడానికి వారాలు పడుతుంది.

పాత కారును ఇప్పుడే అమ్మవద్దు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి అదే ఆధారం, అది లేని 15 నెలల టాక్సీ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. కొత్త కారుకు రిజిస్ట్రేషన్, బీమా రెండూ చేతికి వచ్చి, వర్షంలోనూ రద్దీలోనూ దాన్ని నెలరోజులు నడిపి చూశాక అమ్మకం సంగతి ఆలోచించండి. పైకప్పు సరిగా లేని రెండు సీట్ల కారులో కుటుంబమంతా కూర్చోలేదు కనుక, చాలావరకు మీకు రెండూ అవసరమవుతాయనే నా అంచనా. అప్పుడు రెండు కార్ల బీమా, నిర్వహణ మీ నెలవారీ బడ్జెట్‌లో ఇముడుతాయో లేదో ఈ వారమే కూడి చూసుకోండి.