రెన్యూవల్ సంతకానికి ముందు: అల్లుడికి ఒక ఉత్తరం

ఆదోని
ఫిబ్రవరి 2026

చి. అల్లునికి మామ ఆశీస్సులు.

కర్నూల్లో ఆ విత్తనాల కంపెనీ సిస్టమ్స్ అన్నీ నీకే అప్పజెప్పినారని మొన్న మీ అమ్మ, మా అక్క, ఫోన్లో చెప్పింది. గొంతులో ఎంత సంతోషమో. ఆ మరుసటి రోజే నువ్వు పంపిన మైక్రోసాఫ్ట్ లైసెన్సుల రెన్యూవల్ కొటేషను వచ్చింది. రెండుసార్లు చదివినా. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసినవాణ్ని కాబట్టి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేయబుద్ధి కాలేదు. ఇది దగ్గర పెట్టుకుని నిదానంగా చదువుకో నాయనా.

హైదరాబాదు పార్ట్‌నర్ (లైసెన్సులు అమ్మేవాడు) రాసింది ఒకటే మాట. కంపెనీ సిస్టమ్స్‌ను, ఫోన్లను ఒకచోటి నుంచి అదుపు చేసే ఇంట్యూన్‌లోని పై సౌకర్యాల మూట, ఇంట్యూన్ సూట్, అంతా మైక్రోసాఫ్ట్ 365లోని పెద్ద ప్యాకేజీ ఈ5లో కలిసిపోతోంది కాబట్టి ఆఫీసులో ఉన్న 70 మందినీ దాని కింది ప్యాకేజీ ఈ3 నుంచి ఈ5కి మార్చండి అని. కలిసిపోతోందన్నది నిజమే. దాని మీద ఆయన వేసిన లెక్కే నీ కంపెనీకి సరిపోదు.

ముందు జరిగింది చెప్తా. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్ సూట్ అని ఒకటి తెచ్చింది. అప్పటిదాకా మనం వాడుతున్న ఇంట్యూన్‌కు ప్లాన్ 1 అని పేరు పెట్టి, కొత్తవన్నీ పైన అమ్మడం మొదలుపెట్టినారు. మొత్తం సూట్ కావాలంటే మనిషికి నెలకు 10 డాలర్లు. విడిగా రిమోట్ హెల్ప్, అంటే దూరం నుంచే ఇంకొకరి సిస్టంలోకి పోయి సాయం చేసేది, అదొక్కటే కావాలంటే మూడున్నర డాలర్లు. ఇప్పుడు 2025 డిసెంబరు 4న చేసిన ప్రకటనలో వాటిని పెద్ద ప్యాకేజీల్లో కలిపేసినారు. ఈ3లోకి రిమోట్ హెల్ప్, అడ్వాన్స్‌డ్ అనలిటిక్స్, ప్లాన్ 2 వస్తాయి. ఈ5లోకి అవి కాక ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్, ఎంటర్‌ప్రైజ్ యాప్ మేనేజ్‌మెంట్, క్లౌడ్ పీకేఐ కూడా వస్తాయి. దాంతోపాటే ధరలూ పెంచినారు. 2026 జులై 1 నుంచి ఈ3 నెలకు 36 డాలర్ల నుంచి 39కి, ఈ5 57 నుంచి 60కి పోతాయి. ఇవి అమెరికా జాబితా ధరలు. మన బిల్లు రూపాయల్లో వస్తుంది, మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అయినా పోల్చి చూసుకోవడానికి ఈ అంకెలు చాలు.

ఇప్పుడు నీ బిల్లు తీసి చూడు. ఆ 70 మందికీ ఈ3 కాక, రిమోట్ హెల్ప్ యాడ్-ఆన్ విడిగా కడుతున్నారు. నెలకు 245 డాలర్లు. ఈ3 పెరిగేది మనిషికి 3 డాలర్లు, అంటే నెలకు 210. రిమోట్ హెల్ప్ ఈ3లోనే వచ్చేస్తుంది కాబట్టి ఆ యాడ్-ఆన్ ఆపేస్తే, ధర పెరిగినా నీకు నెలకు 35 డాలర్లు మిగులుతాయి. ఆపకపోతే? ఒకే వస్తువుకు రెండు చోట్ల డబ్బు కడుతుంటావు. అది తప్పని నీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరప్పా. కొటేషన్లో ఈ సంగతి ఒక్క లైను కూడా లేదు, అందుకే నాకు మనసు ఊరుకోలేదు.

ఆపడం కూడా తొందరపడి చేసేది కాదు. మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్లోకి పో, ఎవరిదైనా ఒక యూజర్ పేరు నొక్కు, లైసెన్సెస్ అండ్ యాప్స్ అనే ట్యాబు తెరువు. ఈ3 కింద యాప్స్ అని పెద్ద జాబితా ఉంటుంది. ఆ జాబితాలో రిమోట్ హెల్ప్ పేరు కనబడి, పక్కన టిక్కు ఉన్న రోజే అది నీకు వచ్చినట్టు. అంతవరకూ ప్రకటన కాగితం మీదే ఉన్నట్టు లెక్క. ముందు నీ పేరు మీద, తర్వాత అకౌంట్స్‌లో ఒకరి పేరు మీద చూసుకో. యాడ్-ఆన్ తీసేసిన ఆ ఒక్కరి సిస్టంలోకి రిమోట్ హెల్ప్‌తో నువ్వు పోగలుగుతున్నావా లేదా పరీక్షించు. ఇద్దరికీ లైసెన్సు ఉండాలి, సాయం చేసేవాడికీ, సాయం తీసుకునేవాడికీ. మీ ఐటీ వాళ్లిద్దరికీ ఉంటే చాలనుకుని మోసపోయినవాళ్లు చాలామంది.

ఇంకో మాట. యాడ్-ఆన్ తేదీ, ఈ3 తేదీ ఒకటే అనుకోవద్దు. నీ ఈ3 మే నెలలో రెన్యూ అవుతుంది, రిమోట్ హెల్ప్ సెప్టెంబరులో. ఏడాది ఒప్పందంలో సీట్లు తగ్గించడం రెన్యూవల్ రోజునే కుదురుతుంది. రెన్యూ అయ్యాక 7 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత ఏడాదంతా కట్టాల్సిందే. పైగా ఆటో రెన్యూవల్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. ఈ రోజే పార్ట్‌నర్‌కు మెయిల్ పెట్టి రెండింటికీ ఆటో రెన్యూవల్ ఆపించు. రాతపూర్వకంగా, ఫోన్లో కాదు. ఏడాది ఒప్పందం తీసుకుని నెలనెలా కడితే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం ఎక్కువ. నెలవారీ ఒప్పందమే తీసుకుంటే 20 శాతం ఎక్కువ. డబ్బు చేతిలో ఉంటే ఏడాదికి ఒకేసారి కట్టడమే మేలు. మేలో పాత ధరకే రెన్యూ అవుతుంది కాబట్టి ఆ ఏడాది జులై పెంపు నిన్ను తాకదు.

ఇక ఈ5 సంగతి. ఈ5 వద్దని ఎందుకంటున్నానో చెప్తా.

నువ్వు రాసిన అవసరాల్లో ఒక్కటే నిజంగా ఈ5 వైపు చూపిస్తుంది. అకౌంట్స్‌లో ఆరుగురి సిస్టంలకూ అడ్మిన్ హక్కులు ఇచ్చేసినారు కదా, వాటిని ఎట్ల తీసేయాలి అని. ఎందుకిచ్చినారో నాకు తెలుసు. 20వ తేదీ జీఎస్టీ రిటర్ను, సాయంత్రం ఆరు దాటింది, డిజిటల్ సంతకం టోకెన్ పెట్టినారు, ఆ సంతకం పెట్టించే ఈఎంసైనర్ ప్రోగ్రాము తెరుచుకోదు, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అంటేనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కోసం అకౌంట్స్ అమ్మాయి నీ ముందు ఈ పని చేసినవానికి పదిసార్లు ఫోన్ చేసి ఉంటుంది. విసుగొచ్చి ఒకరోజు అడ్మిన్ హక్కే ఇచ్చేసి ఉంటాడు. ఆ రోజు నుంచి ఆ సిస్టంలో ఎవరు ఏ మెయిల్లోని ఫైల్ నొక్కినా అదీ అడ్మిన్‌గానే నడుస్తుంది. బ్యాంకు పాస్‌వర్డులన్నీ ఉండే సిస్టం అది. ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ సరిగ్గా దీనికే పుట్టింది. మనిషికి మామూలు హక్కులే ఉంచి, ఆ ఒక్క ప్రోగ్రామును మాత్రం అడ్మిన్‌గా తెరవడానికి అనుమతి ఇస్తుంది. చాలా మంచి వస్తువు, తప్పకుండా పెట్టు. కానీ అది యాడ్-ఆన్‌గా మనిషికి 3 డాలర్లు. ఆరుగురికి 18. దాని కోసం 70 మందికీ, మనిషికి 21 డాలర్లు ఎక్కువ పెట్టి ఈ5 కొనడం ఎందుకు నాయనా? డిఫెండర్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో పై స్థాయివి, ఈ5తో వచ్చే తక్కినవీ నీ కంపెనీకి కావాలంటే అది వేరే చర్చ. ఆ పేర్లు నీ అవసరాల కాగితంలో లేవు.

అసలు నేను నీ స్థానంలో ఉంటే ఈ5 అడిగే ముందు చిన్న కంపెనీల ప్యాకేజీ బిజినెస్ ప్రీమియం గురించి అడుగుతా. నీ మొత్తం జనం 170, ఆ ప్యాకేజీ 300 మంది వరకూ ఇస్తారు. దాని ధర 22 డాలర్లు, జులైలో అది పెరగడం లేదు. ఇంట్యూన్ ప్లాన్ 1 అందులో ఉంది, డిఫెండర్ ఫర్ బిజినెస్ ఉంది. కొత్త ఇంట్యూన్ చేర్పులు మాత్రం ఈ3, ఈ5లకే ప్రకటించినారు కాబట్టి రిమోట్ హెల్ప్ విడిగా కొనుక్కోవాల్సిందే. కొన్నా 25న్నర డాలర్లు, కొత్త ఈ3 39. ఆ 70 మందికి నెలకు 945 డాలర్ల తేడా, ఏడాదికి 11,340. పోయేవాటిలో ముఖ్యమైనది విండోస్ ఎంటర్‌ప్రైజ్. మెయిల్‌బాక్సు ఎంత సైజు ఇస్తారో కూడా పార్ట్‌నర్‌ను అడుగు. మీ ఎండీ గారిదీ, అకౌంట్స్ వాళ్లదీ మెయిల్‌బాక్సు ఎంత నిండిందో ముందే చూసుకో. రెండు మూడేళ్లలో మీ వాళ్లు 300 దాటుతారా అని కూడా పెద్దవాళ్లను అడుగు. దాటే ఆలోచన ఉంటే ఈ3లోనే ఉండు.

మారేటట్టయితే ఒక జాగ్రత్త. పాత లైసెన్సు తీసేసి తీరిగ్గా కొత్తది ఇవ్వొద్దు. మెయిల్ లైసెన్సు లేని మెయిల్‌బాక్సును 30 రోజులే దాచిపెడతారు. కొత్తది ఇచ్చి, అదే సిట్టింగులో పాతది తియ్యి. ముందు ముగ్గురికి చేసి వారం ఆగు.

ఫీల్డు వాళ్లకిచ్చే చిన్న ప్యాకేజీ ఎఫ్3 కూడా జులైలో 8 నుంచి 10 డాలర్లకు పోతోంది. అక్కడ ప్యాకేజీ మార్చడానికేం లేదు, ఎన్ని సీట్లు కడుతున్నారన్నదే చూడు. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒకసారి పత్తికొండ డిపోకు పోయినా. బీరువా కింది అరలో, పాత సంచుల వెనక ఒక ట్యాబ్ దొరికింది. చార్జింగు రంధ్రం నిండా ఎర్రమట్టి, అద్దం మీద మూల నుంచి మూలకు చీలిక. వెనక అతికించిన చీటీ మీద ఉన్న పేరుగల పిల్లవాడు ఉద్యోగం మానేసి పద్నాలుగు నెలలు. పద్నాలుగు నెలలూ అతని పేరు మీద లైసెన్సు నడిచింది. వెతికితే అట్లాంటివి పదకొండు తేలినాయి. నీ వంద సీట్లలో ఎన్ని నిజంగా మనుషులవో ఇంట్యూన్లో చివరి చెక్-ఇన్ తేదీ, అంటే ఆ ఫోనో ట్యాబో చివరిసారి ఇంట్యూన్‌తో మాట్లాడిన రోజు, చూసి తేల్చు. నెల దాటినవాటిని ఒక్కొక్కటీ ఫోన్ చేసి అడుగు. ఎమ్మిగనూరు, ఆలూరు, కోడుమూరు డిపోలకు నువ్వే ఒకసారి పోయిరా, షీటులో కనబడనివి అక్కడ కనబడతాయి.

తూకం దగ్గర అందరూ వాడే 12 ట్యాబులకు ఉత్తుత్తి పేర్లతో ఎఫ్3 కొన్నట్టు ఉంది. మనిషితో పనిలేని అట్లాంటివాటికి ఇంట్యూన్ డివైస్ లైసెన్సు అని వేరే ఉంది, దాని ధర అడుగు. యూజర్‌తో ముడిపడిన కండిషనల్ యాక్సెస్ (షరతులు కుదిరితేనే లోపలికి పోనిచ్చేది) వంటివి దాంతో రావు, తూకం యాప్ ఒక్కటే తెరిచే ట్యాబుకు వాటితో పనీ లేదు. అన్నట్టు, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంట్యూన్‌లోకి పాత డివైస్ అడ్మినిస్ట్రేటర్ పద్ధతిలో చేర్చినవి ఏమైనా మిగిలినాయేమో చూడు. గూగుల్ సేవలున్న ఫోన్లకు దాని మద్దతు 2024 డిసెంబరు 31తోనే పోయింది.

చివరగా, లైసెన్సు హడావుడిలో పడి ఆపిల్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. డైరెక్టర్ల ఐప్యాడ్లు ఇంట్యూన్‌తో మాట్లాడేది దాని వల్లే, ఏడాదికొకసారి అదే ఆపిల్ ఐడీతో రెన్యూ చేయాలి. కడపలో నేను పనిచేసిన సంస్థలో దాన్ని ఒక కుర్రాడు తన సొంత ఐడీతో చేసినాడు. అతను మానేసినాక హెచ్చరికలన్నీ అతని మెయిల్‌కే పోయినాయి. గడువు దాటింది. కొత్త ఐడీతో సర్టిఫికెట్ చేస్తే పాత ఐప్యాడ్లు దాన్ని ఒప్పుకోవు. నలభై ఐప్యాడ్లు రాయచోటి నుంచి, తాడిపత్రి నుంచి మనుషులతో తెప్పించి ఒక్కొక్కటీ తుడిచి మళ్లీ చేర్చినాం. మూడు రోజులు ఆఫీసులోనే తిన్నాం. ఆ రోజుల్లో మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు పడిన అవస్థ నాకింకా కళ్ల ముందే ఉంది. మీది ఎవరి ఐడీ మీద ఉందో రేపే చూడు. ఉద్యోగి సొంతదైతే ఆ మనిషి అందుబాటులో ఉండగానే ఆపిల్ సపోర్టుతో మాట్లాడి కంపెనీ ఐడీకి మార్పించు.

శివరాత్రికి అక్కను తీసుకుని వస్తావు కదా. వచ్చేటప్పుడు మూడు కాగితాలు తెచ్చుకో: పోయిన రెన్యూవల్ ఇన్వాయిస్, సీట్ల జాబితా, చివరి చెక్-ఇన్ తేదీల షీటు. అత్త నీకోసం ఓలిగలు చేస్తానంటోంది. తిన్నాక మధ్యాహ్నం కూర్చుని పార్ట్‌నర్‌కు జవాబు ఇద్దరం కలిసి రాద్దాం. అంతవరకూ ఆ కొటేషను మీద సంతకం పెట్టించొద్దు.

మీ మామ