జౌ షిమింగ్ మకావులో ఎందుకు నాకౌట్ చేయలేదు

చైనా బాక్సర్ జౌకు రెండు ఒలింపిక్ స్వర్ణాలున్నా (2008, 2012) 2013లో మకావులో తొలి ప్రొఫెషనల్ పోరు పాయింట్లతోనే ముగియడానికి కారణం ఒలింపిక్ బాక్సింగ్‌లోని పాత స్కోరింగ్ మెషిన్ అలవాటే. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులో బటన్ నొక్కితేనే పాయింటు వచ్చేది. తాకించి తప్పుకుంటే చాలు, దెబ్బకు బరువక్కర్లేదు.

ఆ పోరు వీడియో మళ్లీ పెట్టి:

1. చేతులు కాదు, పాదాలు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. గుద్దు తగిలేలోపే జౌ మడమ లేచి, ఒళ్లు వెనక్కి జారుతుంటుంది. కోచ్ ఫ్రెడ్డీ రోచ్ మార్చబోయింది అదే: కాలు నాటి, నడుము తిప్పి కొట్టడం.

2. తర్వాత రౌండ్లు. లండన్ ఒలింపిక్స్‌లో 3, ప్రొఫెషనల్ టైటిల్ పోరుకు 12. 2016లో డబ్ల్యూబీవో (ప్రపంచ బాక్సింగ్ సంస్థ) బెల్టు గెలిచాడు సరే, 2017లో షాంఘైలో షో కిమురా అతణ్ని ఆపింది 11వ రౌండ్‌లో. తేడా తెలియడానికి ఆ ఒక్క రౌండ్ చూసినా చాలు.